గంట కట్టిన ఒంటి చక్రం

"పాత మోడలు ఇప్పుడు కొనొచ్చా?" అని ఎవరైనా అడిగితే నాకు ఒళ్ళు మండుతుంది. అది ఫోనైనా సరే, ఫ్రిజ్ అయినా సరే. మా స్టాఫ్ రూములో లెక్కల సారు మొన్న ఒక పాత స్కూటరు గురించి ఇదే మాట అడిగితే, తింటున్న టిఫిన్ డబ్బాకు మూత పెట్టేసి బయటికి వచ్చేశాను. పాపం, ఆయన తప్పేమీ లేదు. ఆ ప్రశ్నను ఒక ఎండాకాలం పొడుగునా రోజూ విని విని నాకు చెవులు చిల్లులు పడ్డాయి, అంతే.

అప్పట్లో అడిగినవాడు మా తమ్ముడు. వాడికి వికారాబాద్‌లో సెల్‌ఫోన్లు బాగుచేసే చిన్న దుకాణం ఉంది. నేను తాండూరులో ఇంగ్లీషు టీచరును. మా తల్లిగారిల్లు వికారాబాద్ నుంచి దోమ దిక్కుకు పోయే దారిలో, గుట్టల కింద ఒక ఊరు. మాది గొర్రెల ఇల్లు. మా ఇద్దరి చదువులూ, నా పెళ్ళీ, తమ్ముడి దుకాణమూ అన్నీ ఆ మంద మీదే నడిచాయి. అందుకని మా ఇంట్లో గొర్రెల గురించి ఏ మాట మాట్లాడినా జాగ్రత్తగా మాట్లాడాలి. నాయినకు కోపం ముక్కు మీదే ఉంటుంది.

వాడు కొంటానన్నది బైకు కాదు, స్కూటరు కాదు, ఒంటి చక్రం బండి. కరెంటుతో ఛార్జింగు పెట్టుకునేది. దానికి సీటు ఉండదు, పట్టుకుని నడపడానికి హ్యాండిల్ ఉండదు, దిగి లాక్కుపోయే హ్యాండిల్ ఒకటి తప్ప. సూట్‌కేసంత పెట్టె మధ్యలో ఒకే ఒక్క టైరు, కాళ్ళు పెట్టుకోవడానికి ఇటూ అటూ రెండు రేకులు. ఎక్కి నిలబడి ముందుకు వంగితే పోతుంది, వెనక్కి వంగితే ఆగుతుంది. ముందుకూ వెనక్కూ పడిపోకుండా లోపలి యంత్రం చూసుకుంటుందట. పక్కలకు పడిపోకుండా చూసుకోవలసింది మాత్రం మనమే. మొదటిసారి వీడియో పంపినప్పుడు, దుకాణం మూసేసి సర్కసులో చేరుతున్నావా అని అడిగాను.

వాడు నవ్వలేదు. పైగా ఆ రోజు నుంచి నాకు లింకులు పంపడం మొదలుపెట్టాడు. అన్నీ ఇంగ్లీషువే. ఎక్కడో చల్లటి దేశంలో, అద్దంలా ఉన్న రోడ్ల మీద ఆ చక్రం నడిపినవాళ్ళు రాసిన అభిప్రాయాలు. స్కూలు నుంచి వచ్చి చెప్పులు విప్పీ విప్పకముందే ఫోను మోగేది.

"అక్కా, గిది జర సదివి చెప్పు. గీ మోడల్ పాతదైనా తీస్కోవచ్చంటుండా, వద్దంటుండా?"

"రెండూ అంటుండు."

"రెండెట్ల అంటడు? ఏదో ఒకటి చెప్పాలె గద!"

"మంచిగున్నదంటుండు, గని కొత్తయి ఇంకా మంచిగున్నయంటుండు. నేర్చుకునెటోళ్ళకు పాతదే నయమంటుండు, గని నేర్చుకున్నంక అది అక్కరకు రాదంటుండు."

"గట్లయితె కొనాల్నా వద్దా?"

నా తలకాయ కొను, అని ఫోను పెట్టేసేదాన్ని. మళ్ళీ మర్నాడు ఇంకో లింకు వచ్చేది. పదో తరగతి పేపర్లు దిద్దుతూ, పక్కన ఫోనులో టైరు వెడల్పు గురించి, బ్యాటరీ వయసు గురించి చదివేదాన్ని. ఏ చక్రానికి ఎంత గుంత తట్టుకునే శక్తి ఉందో నాకు నోటికి వచ్చేసింది. మా ఆయన ఒకసారి ఊరుకోలేక, ఈ చదువేదో ముందే చదివి ఉంటే నువ్వు మెకానిక్కువు అయ్యేదానివి అన్నాడు.

అసలు వాడికి అది ఎందుకో చెప్పాలి.

నాయిన మోకాళ్ళు అరిగిపోయాయి. నడిచి నడిచి, వానలో తడిసి, రాళ్ళ మీద కూర్చుని లేచి అరిగినవి. డాక్టరు ఎక్స్‌రే చూసి తల అడ్డంగా ఊపాడు. ఊరి పక్క చేలల్లో అయితే నాయినా అమ్మా కలిసి కొంతసేపు కాయగలరు. కానీ పొద్దున్నే గుట్ట వాలు దాకా తోలుకుపోయి మేపుకు రావాలంటే ఇక నాయిన వల్ల కాదు. మందకు ముందు నడిచే పెద్ద గొర్రె ఒకటి ఉండేది, మెడలో గంటతో. అది ఉన్నంతకాలం నాయినకు పని సగం తేలిక. అది ఎటు పోతే మంద అటు పోయేది. అది అంతకు ముందటేడు ముసలిదై చచ్చిపోయింది. దాని మెడలోని గంట విప్పి ఇంట్లో చిలక్కొయ్యకు తగిలించారు. ఆ ఎండాకాలం మొదట్లో నేను, మరో గొర్రెకు కట్టరాదా నాయినా అంటే, "అమ్మేటి మందకు గంటెందుకు బిడ్డా?" అన్నాడు. మిరుగు కార్తె దాటి వానలు పడ్డాక అమ్మేస్తానని అప్పటికే అనుకున్నాడు. తాండూరు దాటి కర్ణాటక హద్దు అవతల ఉండే ఒక గొర్రెల కాపరి, నాయినకు చాలా కాలంగా తెలిసినవాడు, మొత్తం మంద తీసుకుంటానని కబురు కూడా పంపాడు.

అమ్మేస్తానన్న రోజు నుంచి నాయిన అన్నం సరిగ్గా తినడం లేదని అమ్మ చెప్పింది. తమ్ముడు పట్టుబట్టింది అందుకే. పొద్దున్నే గుట్ట వాలుకు తాను తోలుకుపోతాడట. ఎండ ఎక్కే వేళకు ఊరి దగ్గరి బీళ్ళకు తెచ్చి అమ్మానాయినలకు అప్పజెప్పి, దుకాణానికి పోతాడట. మంద అమ్మే పని లేదట.

"నీకు బైకు ఉన్నది గదరా!" అన్నాను.

"అక్కా, నువ్వు ఎప్పుడన్న గొర్లెంబడి పోయినవా? బైకు తొవ్వ పక్కకు పెట్టి గొర్లెంబడి పోతం. అవి మేసుకుంట మేసుకుంట ఏడికో తేల్తయి. మల్ల ఉల్టా బైకు కాడికి నడవాలె. గప్పటికి షాపు తీసే టైము దాటిపోతది. ఇదైతె హ్యాండిల్ పట్టి ఎంబడి గుంజుకపోవచ్చు. గొర్లు ఏడ ఆగితె ఆడికెల్లే ఎక్కి పోత."

ఆ ఎండాకాలమంతా వాడు మాట్లాడిన మాటల్లో నాకు అర్థమైన ఒకే ఒక్క మాట అది. కాపరి ఎప్పుడూ బయల్దేరిన చోటికి తిరిగి రాడు, మంద తేలిన చోట తేలుతాడు. దానికి ఎదురు చెప్పడానికి నా దగ్గర మాట లేదు. లేకపోయినా చెప్పాను. రాళ్ళలో అది నడవదన్నాను, రేగడిలో కూరుకుపోతుందన్నాను, పళ్ళు రాలతాయన్నాను. చెవిటివాడి ముందు శంఖం ఊదినట్టే అయింది.

కొత్తది కొనే తాహతు లేదు. అనంతగిరి మీద ఫామ్‌హౌస్ కట్టుకున్న ఒక సాఫ్ట్‌వేర్ ఆయన తన పాతది అమ్ముతున్నాడని తెలిసి, నన్ను వెంటబెట్టుకుని పోయాడు. నేనెందుకురా అంటే, ఆయన ఇంగ్లీషులో మాట్లాడితే ఎట్లా అన్నాడు. తీరా పోతే ఆయన నల్లగొండ మనిషి, చక్కటి తెలుగు. వచ్చింది సెలవు రోజు, గుడికైనా పోయి వద్దామంటే దానికీ వీలు లేకుండా ఎండలో నిలబడి ఆ చక్రాన్ని చూశాను.

ఆయన మర్యాదస్థుడు, ఏదీ దాచలేదు. పెద్ద చక్రం, స్ప్రింగులున్నది కొత్తది కొనుక్కున్నాడట, అందుకే ఇది ఇచ్చేస్తున్నాడు. "మోటారు గట్టిది మేడమ్. ఇప్పటికీ పనికొచ్చేదే. కాకపోతే నీళ్ళు తగలనివ్వొద్దు. ఛార్జింగు బాగా తగ్గినప్పుడు గుట్ట ఎక్కొద్దు. అది బీప్ బీప్ మని అరిచిందంటే చాలు ఇక అని అర్థం. అప్పుడు కూడా ముందుకు వంగితే పని ఆపేస్తుంది, మనిషి పడిపోతాడు."

"వానాకాలంల ఎట్ల మరి?" అన్నాను.

"వానలో వద్దు మేడమ్."

"మా ఊరు గుట్ట కింద. ఈడ మిరుగు నుంచి వాన పడుతనే ఉంటది. వికారాబాదుకు రావాల్నంటె చడావే, అంతా ఎక్కుడే."

ఆయన ఇబ్బందిగా తమ్ముడి వైపు చూశాడు. వాన, గుట్ట రెండూ వద్దంటే ఇక మా తమ్ముడు వేరే జిల్లాలో పుట్టి ఉండాల్సింది. నేను ఆ మాట పైకే అన్నాను. మా తమ్ముడు వింటేగా! అప్పటికే గోడ పట్టుకుని చక్రం ఎక్కి నిలబడ్డాడు. ఒక జానెడు ముందుకు పోయి మా కళ్ళ ముందే బోర్లా పడ్డాడు. లేచి, మోచేతి తోలు ఊదుకుంటూ, "తీస్కుంట సార్" అన్నాడు.

అట్లా వచ్చింది మా ఇంటికి. దాన్ని సవరించుకునే యాప్ కూడా పాతదైపోయి కొత్త ఫోన్లలో పనిచేయడం లేదు. వాడి దుకాణంలో మూలన పడేసిన పాత ఫోనొకటి బాగుచేసి అందులో ఎక్కించాడు. పాత చక్రానికి పాత ఫోను, గంతకు తగ్గ బొంత.

నేర్చుకోవడం ఇంకో నరకం. రోజూ పొద్దున కల్లంలో పడేవాడు, సాయంత్రం నాకు ఫోను చేసి ఎక్కడెక్కడ గీరుకుపోయిందో చెప్పేవాడు. నాయిన గోడకు ఆనుకుని, బీడీ నోట్లో పెట్టుకుని చూసేవాడు. కాపరులు కట్టె మీద బరువు వేసి ఒంటికాలి మీద గంటల కొద్దీ నిలబడతారు. మా నాయిన అట్లా నిలబడే నిద్రపోయేవాడు కూడా. మోకాళ్ళు పోయాక ఆ నిలబడడం పోయింది. వీడు పడిపోతుంటే చూసి చూసి, "గొర్లకాపరోని కొడుకువు. ఒంటికాలి మీద నిలబడనీకె నీకు మిషిన్ గావాల్నారా?" అన్నాడు. కానీ మర్నాడు తన కట్టె తెచ్చి వాడి చేతికిచ్చాడట. కట్టె నేలకు ఆనించి పట్టుకుంటే పడడం తగ్గింది. ఇంటర్నెట్టులో అంత మంది అన్ని రాశారు, ఒక్కడూ కట్టె పట్టుకోమని రాయలేదు.

నేర్చుకున్నాక ఊరికి మొదలైంది బాధ. ఆ చక్రానికి చప్పుడు లేదు. బైకైతే ఫర్లాంగు దూరం నుంచి వినబడుతుంది. ఇది పక్కకు వచ్చేదాకా తెలియదు. బర్రెలు బెదిరాయి. నెత్తిన గడ్డిమోపు పెట్టుకుని పోతున్న ఒక ముసలామె పక్కనుంచి వాడు సర్రున పోతే, ఆమె మోపు కింద పడేసి, మా ఇంటి ముందుకు వచ్చి మా ఏడు తరాలనూ తిట్టింది. హారను పెట్టరాదా అని ఊరంతా ఒకటే పోరు. అప్పుడు మా అమ్మ వంటింట్లోంచి ఒక సలహా పారేసింది.

"గా చిలక్కొయ్యకు గంటున్నది గద. కట్టుకోరాదు?"

వాడు కట్టుకున్నాడు. గొర్రెల మధ్య పుట్టి పెరిగినవాడు, ఆ గంట వింటూ నిద్ర లేచినవాడు. పక్కనే ఉన్న మా నాయిన కూడా చూశాడు. ఇంట్లో ముగ్గురు మనుషులుండి ఒక్కరికీ తట్టలేదు. గొర్రె మెడలోని గంట వాళ్ళకు గొర్రెలకు సంబంధించినది కాకుండా పోయి, చిలక్కొయ్యకు వేలాడే ఒక ఇనుప సామాను అయిపోయింది. గొర్రెలకు మాత్రం అట్లా కాలేదు.

మర్నాడు ఆదివారం, నేను ఊళ్ళోనే ఉన్నాను. తమ్ముడు పొద్దున మేపుకొచ్చి, రోడ్డు పక్కనున్న బీట్లో మందను నాయినకు అప్పజెప్పాడు. నేను నాయినకు సద్ది తీసుకుపోయాను. వాడు హెల్మెట్ పెట్టుకుని, గుట్టల్లో రాలిపోతుందని విప్పి జేబులో వేసుకున్న గంటను మళ్ళీ కట్టి, చక్రం ఎక్కి, వికారాబాద్ వైపు తిరిగాడు. గంట మోగింది.

మంద మొత్తం ఒక్కసారి తల ఎత్తింది. మేస్తున్న గడ్డి నోట్లోనే ఉంది. రెండోసారి గంట మోగేసరికి ముందున్న గొర్రె కదిలింది. ఆపైన ఇక ఆపేవాళ్ళు లేరు. మొత్తం మంద బీట్లోంచి రోడ్డు మీదికి ఎక్కి, మా తమ్ముడి వెనక పరుగు అందుకుంది.

వాడు వెనక్కి తిరిగి చూసి బెదిరిపోయి వేగం పెంచాడు. గంట ఇంకా జోరుగా మోగింది, గొర్రెలు ఇంకా జోరుగా ఉరికాయి. ఆగాడు. అవి చుట్టూ చేరి వాడిని కదలనివ్వలేదు. మళ్ళీ పోయాడు, మళ్ళీ వెంటపడ్డాయి. ఎదురుగా పరిగి బస్సు వచ్చి ఆగింది, దాని వెనక ఇసుక ట్రాక్టరు, దాని వెనక ఇంకేవో. డ్రైవరు తల బయట పెట్టి, "ఏందన్నా, జాతరకా?" అని అరిచాడు. బస్సులోని వాళ్ళందరూ ఫోన్లు తీసి పట్టుకున్నారు. నేను చీర కుచ్చిళ్ళు ఎగ్గట్టి రోడ్డు మీద ఉరుకుతూ, "గంట పట్టుకోరా! గంట!" అని అరుస్తున్నాను. మా స్కూలు పిల్లల తల్లిదండ్రులు ఎవరైనా ఆ బస్సులో ఉన్నారేమోనని ఇప్పటికీ నాకు భయమే.

నాయిన బీటి గట్టు మీద నిలబడి పిలిచాడు. నాలుక అంగిలికి కొట్టి, గొంతులోంచి తీసే ఆ కూత నాకు చిన్నప్పటి నుంచీ తెలుసు. ఆ కూతకు గుట్ట అవతలి గొర్రె కూడా తిరిగి వచ్చేది. ఆ రోజు ఒక్కటి కూడా తల తిప్పలేదు. నాయిన మళ్ళీ పిలిచాడు. ఆ తర్వాత పిలవడం మానేసి ఊరికే చూశాడు. రోడ్డు మీద ఒకటే బస్సు హారనూ, నవ్వులూ. ఆయన ముఖం మాత్రం నాకు ఇవాళ్టికీ కళ్ళ ముందే ఉంది.

కాసేపటికి ఆయనే గట్టిగా కేక వేశాడు. "గంట ఇప్పకు! ఇటు మలుపు! ఇటు మలుపుకరా!"

తమ్ముడు మెల్లగా చక్రాన్ని తిప్పి, రోడ్డు దిగి, బీట్లోకి వచ్చాడు. మంద వాడి వెనకే బుద్ధిగా దిగింది. బస్సులో ఎవరో చప్పట్లు కొట్టారు. వాడు గంట విప్పబోతే నాయిన వద్దన్నాడు.

"ఏడాదైనా గంటను మర్వలే చూడు. నా పిలుపే మర్శినయి" అన్నాడు. కోపంగా అన్నాడో, సంతోషంగా అన్నాడో నాకు తెలియలేదు. రెండూ ఉన్నాయనుకుంటాను.

ఇంత గొప్ప తెలివితక్కువ పని వల్ల కొన్నాళ్ళు మేలే జరిగింది, ఒప్పుకోక తప్పదు. ఆ మర్నాటి నుంచి వాడు పొద్దున గంట కట్టుకుని ముందు పోతే మంద వెనక పోయేది. మెట్ట పొలాల గట్ల మీద, ఎడ్లబండ్ల బాటల్లో ఆ పాత చక్రం ఎట్లాగో పోయేది. పోలేని చోట వాడు దిగి, హ్యాండిల్ పట్టి లాక్కుపోయేవాడు. ఊరి దగ్గరికి తెచ్చాక గంట విప్పి నాయిన చేతికిచ్చి తాను దుకాణానికి పోయేవాడు. నాయిన గట్టు మీద కూర్చుని గంట ఊపితే గొర్రెలు దూరం పోయేవి కావు. మళ్ళీ అన్నం తింటున్నాడని అమ్మ చెప్పింది. మంద అమ్మే మాట ఎత్తడం మానేశాడు. వాడు ఫోనులో, "అక్కా, పాతది కొనొచ్చని నీ ఇంగ్లీషోళ్ళకు రాసి పంపు" అని నన్ను ఏడిపించాడు. నేనూ నవ్వాను. ఆ రోజుల్లో ఎవరైనా అడిగి ఉంటే, కొనండి బాబూ, నిక్షేపంగా కొనండి అని చెప్పేదాన్ని.

మిరుగు వచ్చింది. వాన వచ్చింది.

వానలో వద్దని చక్రం అమ్మిన ఆయన చెప్పాడు. నేను చెప్పాను. ఫోనులో రోజూ చెప్పాను. తడిస్తే దాని లోపలికి నీళ్ళు పోతాయి, ఇది పాత మోడలు, కొత్తవాటికున్న మూతలు దీనికి లేవు, ఇవన్నీ నేనే కదా చదివి చెప్పింది! వాడు యూరియా సంచిని కోసి చక్రానికి చొక్కా కుట్టాడు. దాని మీద నాయిన పాత గొంగడి ముక్క కప్పాడు. గొంగడి కప్పితే వాన దిగదు అన్నాడు. మనిషి మీదైతే దిగదు. నిలువునా తిరిగే చక్రం కింద నుంచి చిమ్మే బురద నీళ్ళకు గొంగడి ఏం చేస్తుంది? తా పట్టిన కుందేటికి మూడే కాళ్ళు.

కొన్ని రోజులు నడిచింది, అదే మా కొంప ముంచింది. ఒక్కరోజు కూడా నడవకపోయి ఉంటే బతికిపోయేవాళ్ళం. ఒక పొద్దున ముసురులో మందను నాయినకు అప్పజెప్పి వికారాబాద్ చడావు ఎక్కుతున్నాడు. చక్రం బీప్ బీప్ మంది. దుకాణం ముందు ఎవరో ఫోను కోసం ఎదురుచూస్తున్నారట, కొద్ది దూరమే గదా అని వాడు ముందుకు వంగాడు. చక్రం ఆగిపోయింది. వాడు ముందుకు ఎగిరి, కుడిచేయి కింద పెట్టుకుని పడ్డాడు. మణికట్టు దగ్గర విరిగింది.

ఫోన్లు బాగుచేసేవాడికి కుడిచేయి లేకపోతే ఇక ఏముంది? దుకాణానికి తాళం పడింది. గొర్రెలకూ కాపరి లేడు. నేను బస్సు దిగి ఇంట్లోకి పోయేసరికి వాడు కట్టుకట్టిన చేయి కడుపు మీద పెట్టుకుని మంచంలో పడుకుని ఉన్నాడు. దారి పొడుగునా ఏమేం తిట్టాలో వరస పెట్టుకుని వచ్చాను. వాడి ముఖం చూశాక ఒక్కటీ రాలేదు. నాయిన గడపలో కూర్చుని ఉన్నాడు.

"నా మోకాళ్ళు పోయినయి. వీని చెయ్యి పోయింది. ఇగ చాలు బిడ్డా" అన్నాడు. "గా కర్ణాటకాయనకు ఫోన్ కొట్టు, బండి తెచ్చుకొమ్మని."

తమ్ముడు మంచంలోంచి లేచాడు. "చెయ్యి అతికేదాకా ఆగు నాయినా. జర ఆగు. నేను మల్ల పోత." నాయిన వాడి వైపు తిరగలేదు. అతికేదాకా ఆ గొర్రెలను ఎవరు మేపాలి? నేను ఫోను చేశాను. ఎవరో ఒకరు చేయాలి కాబట్టి చేశాను. చేస్తూ నా మీద నాకే విసుగొచ్చింది.

రెండు రోజులకు ఆయన డీసీఎం వ్యాను వేసుకుని వచ్చాడు. పెద్ద మనిషి, తలపాగా చుట్టుకుని, సగం కన్నడం సగం తెలుగు మాట్లాడుతూ. నాయినా ఆయనా మంద చుట్టూ తిరిగారు. అన్నీ ముందే మాట్లాడుకున్నవే. బండి వెనక తలుపు తీసి, కిందికి పలక ఆనించారు. గొర్రెలు ఎక్కలేదు. ఆయన, "బా, బా" అని కన్నడంలో పిలిచాడు. అవి ఆ పిలుపు ఎరగవు. నాయిన తన కూత కూశాడు. పలక దాకా వచ్చి, డీసీఎం లోపలి చీకటి చూసి వెనక్కి జరిగాయి. ఆయన వెంట వచ్చిన మనిషి కర్ర తీసి ఒకదాన్ని వెనక నుంచి కొట్టాడు. అది అరిచింది. మంద చెల్లాచెదురైంది.

నాయిన ఆ మనిషి చేయి పట్టుకున్నాడు. తమ్ముడి వైపు చూశాడు.

వాడికి అర్థమైంది. నాకూ అర్థమైంది. వాడు తల అడ్డంగా ఊపాడు. "నాతోని కాదు నాయినా." నాయిన ఇంట్లోకి పోయి చిలక్కొయ్య నుంచి గంట తెచ్చి, వాడి ఎదురుగా, మూలన పడి ఉన్న ఆ చక్రానికి తానే కట్టాడు. మోకాళ్ళు వంగక, నేల మీద కూలబడి కట్టాడు.

తమ్ముడు ఎడమచేత్తో హ్యాండిల్ పట్టుకున్నాడు. చక్రంలో ప్రాణం లేదు, ఊరికే లాగడమే. రాళ్ళ మీద ఎగిరెగిరి పడుతుంటే గంట మోగింది. గొర్రెలన్నీ తలలెత్తాయి. వాడు పలక ఎక్కి డీసీఎం లోపలికి పోయాడు. అవి ఒకదాని వెనక ఒకటి, ఎవరూ ఒక్క మాట అనకుండానే, వాడి వెనక ఎక్కాయి. రోడ్డు మీద వాడి వెనక ఉరికిన రోజు ఎంత సంతోషంగా ఉరికాయో అట్లాగే ఎక్కాయి. నేను చూడలేక అటు తిరిగాను. ఎంత పిచ్చి గొర్రెలు! అన్నీ ఎక్కాక వాడు వాటిని తోసుకుంటూ బయటికి వచ్చాడు. వాడి ముఖమంతా తడిగా ఉంది. తుడుచుకోవడానికి వాడికి చేయి ఖాళీ లేదు.

నాయిన చక్రం నుంచి గంట విప్పాడు. ఇంట్లోకి తీసుకుపోతాడనుకున్నాను. ఆ కన్నడ పెద్దాయన చేతిలో పెట్టాడు.

"ఇది గూడ తీస్కపో. దీనెంబడి వస్తయి. కొట్టకు."

"ఆయ్తు" అని ఒప్పుకున్నాడాయన. గంటను తలపాగాకు తాకించుకుని పట్టుకున్నాడు.

బండి తాండూరు మీదుగానే పోతుంది. మర్నాడు నాకు స్కూలు. ఆయన రమ్మంటే నేనూ ముందు ఎక్కి కూర్చున్నాను. ఆయన గంటను ఎక్కడా పెట్టలేదు, ఒళ్ళో పట్టుకునే కూర్చున్నాడు. గుంత వచ్చినప్పుడల్లా అది మోగేది, వెనక గొర్రెలు అరిచేవి, మళ్ళీ ఊరుకునేవి. తాండూరులో పాలిష్ రాళ్ళ లోడు దించుతున్న లారీల పక్కన నన్ను దించి, వాళ్ళు హద్దు దిక్కుకు పోయారు.

ఇంటికి వచ్చి కాళ్ళు కడుక్కుంటుంటే ఫోను మోగింది. తమ్ముడు.

"అక్కా, గా చక్రం ఆన్‌లైన్ల అమ్మకానికి పెడుత. ఇంగ్లీషుల మంచిగ రాసియ్యవా? పాతదైనా ఇంకా పనికొస్తదని రాయి."

నాకు ఎక్కడ లేని కోపం వచ్చింది. నీకు బుద్ధుందా, చెయ్యి విరిగె, మంద పాయె, ఇంకా దాని ఊసు ఎత్తుతవా, ఇంకొకని చెయ్యి విరగాల్నా అని పొద్దుటి నుంచి గొంతులో ఉన్నదంతా కక్కేశాను. నేను ఆయాసపడి ఆగాను. ఫోను చేతులు మారిన చప్పుడు వినబడింది.

"బిడ్డా" అన్నాడు నాయిన. "తొవ్వ పొడుగుత గంట మోగిందా?"

"మోగింది నాయినా" అన్నాను.